‘మానను’ అన్న తరువాత

మానను అంది. ఒక్కటే మాట. పొడుగాటి టేబుల్ అవతలి నుంచి ముసలి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, పాప మీ ఇంటికొస్తే ఈ పిస్టల్ ఆట మానేస్తారా అమ్మా అని, మంచినీళ్ళు తాగుతారా అన్నంత మామూలుగా అడిగింది. టేబుల్ కింద భర్త మోకాలు తన మోకాలిని తడుతూనే ఉంది. ముందు రోజు ఇద్దరూ కలిసి అనుకున్న జవాబు నాలుక మీద సిద్ధంగానే ఉంది. అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం మానను. మధ్యలో కూర్చున్న దత్తత కమిటీ చైర్మన్ గొంతు సవరించుకుని, మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి, మేం మాట్లాడుకుని పిలుస్తాం అన్నాడు. ఆ చివర కూర్చున్న ఆఫీసరమ్మ, ఇంటికొచ్చి విచారణ చేసి వెళ్ళినామె, తలైనా ఎత్తలేదు.

ఇప్పుడు వరండాలో, నీలం రంగు వేసిన బెంచీ మీద, ఆమె తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది. పక్కన భర్త. కొత్త చొక్కా, మడతలు ఇంకా పోలేదు, మెడ దగ్గర అట్టముక్క గుచ్చుకుంటోందేమో మాటిమాటికీ తల తిప్పుతున్నాడు. తిడితే బాగుండును. ఏమిటే నువ్వు చేసింది అంటే, ఏదో ఒకటి అనవచ్చు, ఏడవవచ్చు. తిట్టడు. పెళ్ళయినప్పటి నుంచీ అంతే, పెద్ద విషయాలకు నోరు మెదపడు, చెప్పు తెగితే మాత్రం ఊరంతా వినపడేలా అరుస్తాడు. ఎదురు గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలు అంటించి ఉన్నాయి, ఇల్లు, సూర్యుడు, ఇంటికన్నా పెద్ద మనిషి, మనిషికన్నా పెద్ద పిల్లి. వీటిలో ఏది పాప గీసింది? పాప గీయదు. క్రేయాన్ ఇస్తే పైనున్న కాగితం చుట్టు విప్పి, ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, క్రేయాన్ తిరిగి ఇచ్చేస్తుంది. వరండా చివర లిఫ్టు మూలుగుతూ పైకొచ్చి ఆగింది. భర్త చెవి అటు తిరిగింది. లిఫ్టు మెకానిక్కు కదా, ప్రపంచం మునిగిపోతున్నా లిఫ్టు చప్పుడు చేస్తే చెవి అటే పోతుంది. "బేరింగ్ పోయింది," అన్నాడు మెల్లగా. బయటికొచ్చాక అతను మాట్లాడిన మొదటి మాట అది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెంటినీ మింగేసింది.

ఎందుకన్నాను? మానేస్తానంటే ఏం పోయేది? పిస్టల్ నేర్పే పొడుగు సార్ వింటే నవ్వేవాడా? నవ్వడు, ఆయన దేనికీ నవ్వడు. ఆ రోజు షాపుకొచ్చినప్పుడు కూడా నవ్వలేదు. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించడం ఆమె పని, అద్దం మార్చడం, ఇప్పుడు బాగుందా, ఇది బాగుందా అని అడగడం, రోజంతా అదే. ఒకనాడు గుమ్మానికి తల తగిలేంత పొడుగున్న పెద్దాయన వచ్చి, దూరం మసగ్గా కనపడాలి, చేయి చాచితే చేతి చివర ఉన్నది మాత్రం సూదిలా కనపడాలి, అలాంటి కళ్ళజోడు చేసివ్వమన్నాడు. అందరూ దూరం బాగా కనపడాలని వస్తారు, ఈయనేమిటి మసగ్గా కావాలంటాడు? అడిగితే చెప్పాడు, తాను ఒక క్లబ్బులో పిస్టల్ షూటింగ్ నేర్పుతానని, కాల్చేటప్పుడు టార్గెట్ వైపు చూడకూడదని, గొట్టం చివర గురి కోసం ఉండే చిన్న మొననే, సైటునే, చూడాలని, టార్గెట్ ఒక నల్ల మరకలా ఉంటే చాలని. ఆమె నమ్మలేదు. చూడందే ఎలా తగులుతుంది సార్ అంది. ఆదివారం వచ్చి చూడమ్మా అన్నాడు. వెళ్ళింది. ఏదో పెద్ద మోత, పొగ, నల్ల కళ్ళద్దాల మగాళ్ళు ఉంటారనుకుంది. తీరా చూస్తే పాత గోదాములాంటి పొడవాటి గది, ట్యూబులైట్లు, వరసగా నిలబడ్డ మనుషులు, ఒక బ్యాంకు గుమాస్తా, ఒక కాలేజీ పిల్ల, ఇద్దరు మనవలున్న ఒక తాతయ్య. గాలి ఒత్తిడితో పనిచేసే పిస్టళ్ళు, టప్ మని చిన్న చప్పుడు, సీసా మూత తీసినట్టు. గుండు పెసరగింజంత. అవతల పది పాయింట్ల చుక్క, చొక్కా గుండీ అంత. దీంతో ఎవరికీ ఏమీ కాదు కదా సార్ అంటే, అవుతుంది, అందుకే ఇన్ని నియమాలు అన్నాడాయన, దాపరికం లేకుండా. మొదటి నెల రోజులూ గుండే ఇవ్వలేదు. ఖాళీది ఎత్తడం, సైటు చూడటం, దింపడం. గొట్టంలోంచి ఎర్ర తాడు బయటికి వేలాడుతుంటే ఖాళీ అని గుర్తు. తాడున్నా సరే, మనిషి వైపు తిరగకూడదు. తిరిగితే ఆ రోజుకు ఇంటికే.

ఆ నియమం వల్లే కదా ఫోటోగ్రాఫర్‌తో గొడవయింది. రాష్ట్ర పోటీల్లో మూడో స్థానం వచ్చినప్పుడు, పేపరు నుంచి ఒక కుర్రాడు వచ్చి, మేడం, కెమెరా వైపు గురిపెట్టండి, కొంచెం కోపంగా చూడండి అన్నాడు. పెట్టనంది. ఖాళీదే కదా మేడం అన్నాడు. ఖాళీదైనా పెట్టనంది. అతను చిన్నబుచ్చుకుని, పక్కకు వెళ్ళి, నేల మీద కూర్చుని కింద నుంచి తీశాడు. తెల్లారి పేపర్లో చూస్తే తానెవరో తనకే తెలియలేదు, పెద్ద గడ్డం, పిస్టల్ తలంత, పైన ‘భర్తగారూ, బహుపరాక్’ అని లావుపాటి అక్షరాలు. గంటకు పైగా ఒంటిచేత్తో నిలబడి, ఊపిరి లెక్క చూసుకుంటూ, అదిరే గుండెను బతిమాలుకుంటూ తెచ్చుకున్న మెడల్ సంగతి అడుగున ఒక వాక్యం. లిఫ్టుల కంపెనీలో భర్తను వారం రోజులు ఏడిపించారు, ఇంట్లో చేతులెత్తి అన్నం తింటావా అని. షాపుకొచ్చినవాళ్ళు అక్షరాల పలక ముందు కూర్చుని, తప్పు చదివితే కాల్చెయ్యరు కదా మేడం అనేవాళ్ళు. నవ్వేది. ప్రతివాడూ తానే ఆ జోకు కనిపెట్టాననుకునేవాడు, అందుకని ప్రతిసారీ కొత్తగా నవ్వేది.

అత్తగారు మాత్రం పేపరు చూసి నవ్వలేదు. అంతకు ముందే ఆవిడ ఇరుగుపొరుగుకి కోడలు సంగీతం క్లాసుకి వెళ్తోందని చెప్పుకుంది. చేతిలో ఆ పెట్టె ఏమిటంటే వాయిద్యం అంది. ఏం వాయిద్యం అంటే, గాలితో పనిచేసేది అంది. అందులో అబద్ధమేముంది, గాలితోనేగా పనిచేసేది, అని తర్వాత కొడుకుతో వాదించింది కూడా. ఎదురింటావిడ తన మనవరాలి పుట్టినరోజుకి వచ్చి రెండు పాటలు వాయించమని అడిగితే, కోడలికి గొంతు బాగాలేదని చెప్పి పంపింది. వాయించడానికి గొంతెందుకో ఆవిడా అడగలేదు, ఈవిడా చెప్పలేదు. పేపర్లో ఫోటో రాగానే ఆ వేషమంతా ఒక్క పూటలో చెడింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ పై ఆదివారం, అసలు ఏం చేస్తావో నేనూ చూస్తాను పద అని, మంచి చీర కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని బయలుదేరింది. అద్దాల వెనక కుర్చీలో కూర్చుంది. కాసేపు చూసింది. మనుషులు చేయి ఎత్తుతున్నారు, దింపుతున్నారు, ఎత్తుతున్నారు, దింపుతున్నారు. సాధన అయ్యేసరికి అత్తగారు నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇంటికొస్తూ, దీనికా పేపర్లో అంత హడావిడి అంది.

హడావిడి. నవ్వులాట ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. తర్వాత ఎక్కడో, చాలా దూరపు ఊళ్ళో, ఒకడు సంతలోకి వెళ్ళి కాల్చాడు. టీవీలో వారమంతా అదే, విసిరేసినట్టున్న బుట్టలు, ఒంటరి చెప్పు, ఏడుస్తున్న ఒక తండ్రి. ఆమె కూడా అందరిలాగే టీవీ ముందు చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మర్నాడు షాపులో ఎవరూ జోకు వెయ్యలేదు. కూతురికి కళ్ళజోడు మార్పించడానికి వచ్చిన ఒకాయన ఆమెను చూసి, ఏదో గుర్తొచ్చినట్టు, మళ్ళీ వస్తామని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన మీద కోపం రాలేదు, అదే బాధ. ఆయన స్థానంలో ఉంటే తానూ అలాగే చెయ్యి పట్టుకునేదేమో. నాది వేరు అని ఎలా చెప్పడం? నా చేతిలో ఉన్నదీ ఇనుమే, దానికీ గొట్టమే ఉంది. సరిగ్గా ఆ వారమే ఆఫీసరమ్మ విచారణకు ఇంటికొచ్చింది. బాల్కనీ కమ్మీలు ఎంత ఎత్తో చూసింది, మందులు ఎక్కడ పెడతారో చూసింది, పాపకని రంగు వేయించిన గది చూసి బాగుందంది. చివరికి బీరువా పక్కన గోడకు బిగించిన ఇనప పెట్టె, పిస్టల్ దాచేది, చూసి, ఇదేమిటి అంది. చెప్పింది. అంతవరకూ అక్కా చెల్లెళ్ళలా మాట్లాడుతున్న మనిషి గొంతు మారిపోయింది. అలాగా, అంది.

ఆ అలాగా విన్నప్పటి నుంచీ భర్తకు నిద్ర లేదు. మానేశానని చెప్పేద్దాం అన్నాడు. క్లబ్బులో ఎవరికైనా ఇచ్చేద్దాం, పెట్టె ఊడదీసి గోడకు సున్నం వేసేద్దాం, తర్వాత సంగతి తర్వాత. ఆమె సరే అంది. నిజంగానే సరే అంది. పాప కన్నా ఎక్కువా? మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు పాప ఎవరి దగ్గరికీ రాలేదు, ఎడమ చెప్పు కుడి కాలికి, కుడిది ఎడమకి వేసుకుని గోడవారన నిలబడింది. రెండోసారి వచ్చి భర్త జేబులోని స్క్రూడ్రైవర్ తీసి చూసి తిరిగి పెట్టింది. మూడోసారి తన ఒళ్ళో కాదు, ఒడికి కాస్త దూరంలో, చీర అంచు పట్టుకుని కూర్చుంది. పట్టుకుందో లేదో కూడా తెలియనంత తేలిగ్గా. కదిలితే వదిలేస్తుందేమోనని తను కదల్లేదు. కాలు తిమ్మిరెక్కింది, ముక్కు దురద పెట్టింది, కదల్లేదు. అలా కదలకుండా ఉండటం తనకెక్కడ వచ్చింది?

అదీ సంగతి. అదే లోపల గదిలో నాలుకకు అడ్డం పడింది. కడుపులోని బిడ్డ నిలవకుండా పోయిన ఏడాది, ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె చేతులు వణికేవి. కాఫీ గ్లాసు పట్టుకుంటే ఒలికేది, షాపులో అద్దాలు జారిపడేవి. మనుషులు పరామర్శించి, పోనీలే ఇంకా వయసుంది అని వెళ్ళిపోయారు. ఇక క్లబ్బుకి రానని చెప్పడానికి వెళ్ళింది. పొడుగు సార్ అంతా విని, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, కాల్చకమ్మా, ఎత్తి దింపు చాలు అన్నాడు. మనసు కుదిరితే ఎత్తు, కుదరకపోతే దింపెయ్, దింపినందుకు ఎవరూ నిన్నేమీ అనరు. రోజూ సాయంత్రం వెళ్ళేది. ఖాళీ పిస్టల్, ఎర్ర తాడు, ట్యూబులైటు. ఎత్తేది, సైటు గంతులేస్తుంటే దింపేది. ఏడుపొస్తే దింపి, పక్కన బల్ల మీద పెట్టి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎత్తేది. పక్క వరసలో మనవలున్న తాతయ్య తన పని తాను చేసుకుపోయేవాడు, ఒకసారి మాత్రం తన రుమాలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఒకనాటి సాయంత్రం సైటు నిలిచింది. ఒక్క ఊపిరి పాటు. దాన్ని చూసి భయమేసింది, ఇంత నిశ్శబ్దం నాలో ఉందా అని. మానేస్తాను అనడమంటే ఆ సాయంత్రాలన్నీ తప్పుడు పనులని సంతకం పెట్టినట్టు కదా. పాప ఇంట్లో అడుగుపెట్టే రోజునే, అమ్మ ఒక అబద్ధం చెప్పి నిన్ను తెచ్చుకుంది అని ఉండిపోతుంది కదా. కానీ పాపే రాకపోతే? నీ నిజం నువ్వు నెత్తిన పెట్టుకుని ఊరేగు, ఆ గది ఖాళీగా ఉంటుంది, రంగు వెలిసిపోతుంది, పాప ఇంకెవరి చీర అంచో పట్టుకుంటుంది, అదీ లేకపోతే ఎవరిదీ పట్టుకోదు. ఆ చివరి తలపు వచ్చేసరికి ఆమె లేచి నిలబడింది.

"లోపలికెళ్ళి మానేస్తానని చెప్తా," అంది.

భర్త తలెత్తి చూశాడు. "నిజంగా మానేస్తావా?"

"మానేస్తా."

"అయితే వెళ్ళు. నేను రాత్రి చెప్పమన్నాను కాబట్టయితే మాత్రం వద్దు. అలా చెప్పమనడం నాదే బుద్ధి తక్కువ."

నిజంగానే మానగలనా అని ఆమె తన లోపల వెతుక్కుంది, పళ్ళ డాక్టరు చెప్పాడని నొప్పి పన్నును నాలుకతో తడిమి చూసినట్టు. నొప్పి ఉంది. కానీ మానగలదు. పాప వైపు చూసుకుంటే మానగలదు. చెడ్డదని ఒప్పుకుని కాదు, పాప కావాలి కనుక. ఈ రెండూ వేరువేరని ఇందాక లోపల తోచి ఉంటే గంట సేపు ఈ నరకం తప్పేది. వెళ్ళి తలుపు తట్టింది. రమ్మన్నారో లేదో వినకుండానే తోసుకుని లోపలికెళ్ళి, నిలబడే, గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. మీరు తప్పదంటే మానేస్తాను, ఇప్పుడే, ఇక్కడే. కానీ అది చెడ్డపని కాబట్టి మానుతున్నానని మాత్రం నాచేత అనిపించకండి.

టేబుల్ మీద బిస్కెట్ల ప్లేటు ఉంది. చైర్మన్ చేతిలో సగం కొరికిన బిస్కెట్ ఉంది. చైర్మనూ డాక్టరమ్మా ఆమె వైపు చూశారు. డాక్టరమ్మ కుర్చీ చూపించి, ముందు కూర్చోమ్మా అంది. వెనకే భర్త కూడా వచ్చి నిలబడ్డాడు. తేలిందేమిటంటే, వాళ్ళు పాపను ఇవ్వడానికి ఎప్పుడో ఒప్పుకున్నారు. ఇంతసేపూ షరతు ఏ మాటల్లో పెట్టాలా అని చైర్మన్, ఆఫీసరమ్మ వాదించుకుంటున్నారు, ఆయనకు ‘ఆయుధం’ అనాలని, ఆమెకు ‘క్రీడా పరికరం’ అనాలని. ఆఫీసరమ్మా? ఆమె నోరు తెరిచి అటే చూసింది. ఆఫీసరమ్మ మొదటిసారి తలెత్తింది. ఆ రోజు మీరు టీ పెడుతుంటే మీ అత్తగారిని పక్కకు పిలిచి అడిగానండీ అంది, ఆ పెట్టె తాళం చెవి ఎక్కడుంటుందని. ఆవిడ పితూరీలన్నీ విప్పింది. ఈ ఇంట్లో ఏ చెంచా ఎక్కడుందో నాకు తెలుసు, ఆ తాళం చెవి మాత్రం ఇప్పటికీ తెలీదు, కన్నకొడుక్కీ తెలీదు, అడిగితే చెప్పదు, నన్ను దొంగని చూసినట్టు చూస్తుంది, ఇదేం కోడలండీ అంది. నాకు అంతకన్నా ఏం కావాలి, అదే వీళ్ళకి చెప్పాను, అంది ఆఫీసరమ్మ. చైర్మన్ మిగిలిన బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు, నవ్వు కనపడకుండా.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుంది. "నేను క్యాజువాలిటీలో పనిచేసినదాన్నమ్మా. గుండ్లు తగిలినవాళ్ళని చూశాను. నాకు మీ ఆటంటే ఇష్టం లేదు, ఇకమీదటా ఉండదు. అది వేరు. పాప పెద్దయ్యేదాకా ఆ పిస్టల్ మీ ఇంటి గడప లోపల ఉండకూడదు. క్లబ్బులోనే పెట్టుకోండి, అక్కడే ఆడుకోండి. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం," అన్నారిద్దరూ, ఆవిడ మాట పూర్తవకుండానే.

తర్వాత ఏవో కాగితాలు, సంతకాలు, చైర్మన్ చెయ్యి కలపడం, అన్నీ నీళ్ళ అడుగున జరిగినట్టు జరిగాయి. వరండాలోకి వచ్చాక భర్త గోడకు ఆనుకుని, కొత్త చొక్కా మెడ లోంచి అట్టముక్క ఇప్పుడు గుర్తొచ్చినట్టు లాగి పారేశాడు. వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి అత్తగారి గొంతు, ముక్కు ఎగబీలుస్తూ, పిల్లకి పొద్దున్నే పాలు అలవాటో కాదో కనుక్కో, మెత్తటి దిండు కావాలో వద్దో కనుక్కో, ఊరికే చేతులూపుకుంటూ రాకండి అంటోంది. పరికరాన్ని క్లబ్బుకి పంపిస్తున్నామని చెప్తే, ఆ పెట్టెలో నా మందులు పెట్టుకుంటానంది. తాళం చెవి నాకే ఇవ్వాలంది.

పాప వెనక భవనంలో, పిల్లల హోములో ఉంది. మధ్యాహ్నం పూట పిల్లలందరూ పడుకునే వేళ. ఆయా తలుపు కొంచెంగా తెరిచి, నిద్రపోతోందమ్మా, లేపమంటారా అని గుసగుసగా అడిగింది. వద్దు అంది ఆమె. లేచేదాకా కూర్చుంటాం. భర్త బూట్లు విప్పి గుమ్మం దగ్గరే వదిలేసి, కాలివేళ్ళ మీద నడిచొచ్చాడు. పిల్లల కుర్చీలు తప్ప కుర్చీలు లేవు. ఇద్దరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా వాటి మీదే కూర్చున్నారు. కిటికీ తెర గాలికి లోపలికి వచ్చి వెళ్తోంది. వరసగా చిన్న చిన్న మంచాలు, వాటి మీద చిన్న చిన్న ఊపిరులు. ఆమె ఒంట్లో ఎక్కడెక్కడో బిగుసుకుని ఉన్నవన్నీ ఒక్కొక్కటే వదులవుతున్నాయి, మెడ, భుజాలు, దవడ, పొట్ట. ఇక ఎవరూ ఏమీ అడగరు. ఏదీ చెప్పనక్కర్లేదు. ఎంతసేపు పట్టినా పట్టనీ. భర్త కుర్చీ కిర్రుమంది. మూడో మంచం మీద పాప పక్కకు ఒత్తిగిలి, ఒక కన్ను తెరిచింది. ఇద్దరినీ చూసింది. ఎవరో తెలిసినవాళ్ళే అన్నట్టు, మళ్ళీ మూసుకుంది.